నార్వే ఖర్చు మీది, చందా పిల్లలది

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాను, ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. కొన్నేళ్లుగా పరుగు, సైక్లింగ్ అలవాటు. గోవాలో హాఫ్ ఐరన్‌మ్యాన్ (ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే ట్రయాథ్లాన్ పోటీ) పూర్తి చేశాను. ఈసారి నార్వేలో జరిగే నార్స్‌మన్ ట్రయాథ్లాన్‌కు లాటరీలో నా పేరు వచ్చింది. ఆగస్టులో రేసు. మా అక్క కొడుక్కి తలసీమియా. వాడికి రక్తం ఎక్కించే సంస్థ కోసం ఈ రేసు పేరు మీద పది లక్షలు పోగుచేద్దామనుకున్నాను. విమానం, బస, కారు అద్దె, సామాన్లు అన్నీ కలిపి నాకూ మా ఆవిడకీ ఆరు లక్షల పైనే అయ్యేలా ఉంది. ఈ సంగతి ఫ్యామిలీ గ్రూపులో పెట్టగానే మా బావమరిది "ఆ ఆరు లక్షలేవో పిల్లలకే ఇచ్చేస్తే పోలా బావా?" అన్నాడు. అప్పట్నుంచి ఎవర్ని అడగాలన్నా నోరు పెగలడం లేదు. వచ్చిన చందాల్లోంచి కొంత ప్రయాణానికి వాడుకుంటే తప్పా? రేసు పూర్తి చేయలేకపోతే డబ్బిచ్చినవాళ్లకు ఏ మొహంతో కనబడాలి? అసలు నేను ఈ రేసుకు పనికొస్తానా? మా ఆవిడ సపోర్టుగా వస్తానంటోంది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ బావమరిది వెటకారంగానే అన్నాడేమో గానీ, అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. మీరు చందా అడగబోయే ప్రతి మనిషి కడుపులోనూ అదే మాట ఉంటుంది, మొహమాటానికి పైకి అనరంతే. దానికి జవాబు సిద్ధం చేసుకోకుండా ఎవరి దగ్గరికీ వెళ్లకండి.

జవాబు పెద్ద కష్టమేమీ కాదు. నార్వే వెళ్లడం మీ సరదా. సరదా అన్నానని చిన్నబుచ్చుకోకండి, తప్పేం లేదు అందులో. మీ పక్క ఫ్లాటాయన అదే డబ్బుతో కారు మారుస్తాడు, ఇంకొకాయన స్విట్జర్లాండ్ టూర్ వెళ్లొస్తాడు. వాళ్లనెవరూ పిల్లలకు ఇవ్వలేదేమని నిలదీయరు. మీరు రేసు మానుకుంటే మాత్రం ఆ ఆరు లక్షలు మొత్తంగా ఆ సంస్థకు చేరతాయా? సగం హోమ్ లోన్‌లోకి, సగం అమ్మాయి ఫీజులోకి పోతాయి. చిక్కు ఎక్కడంటే, సరదాకి త్యాగం రంగు పులిమినప్పుడు. "పిల్లల కోసం నార్వే వెళ్తున్నాను" అంటే వినేవాడికి ఒళ్లు మండుతుంది. "నార్వే వెళ్తున్నాను, ఖర్చంతా నా జేబులోంచే. ఎలాగూ నలుగురూ దీని గురించి అడుగుతారు కాబట్టి, ఆ వంకన పిల్లల కోసం చేయి చాస్తున్నాను" అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఈ రెండో మాటే మీ బావమరిదికి చెప్పండి, గ్రూపులోనే, అందరూ చూసేలా.

ఇలా చెప్పాక, చందాల్లోంచి ప్రయాణానికి వాడుకోవచ్చా అన్న ప్రశ్న మిగలదు. ఒక్క రూపాయి ముట్టకూడదు. విదేశాల్లో వేరే పద్ధతి ఉంది, దాన్ని చూసి కొందరు పొరబడతారు. లండన్ మారథాన్ లాంటి చోట్ల స్వచ్ఛంద సంస్థలు ముందే కొన్ని ఎంట్రీలు కొనుక్కుని, ఇంత పోగుచేస్తానని మాటిచ్చినవాళ్లకు ఇస్తాయి. అక్కడ వచ్చిన సొమ్ములో కొంత ఎంట్రీ ఖర్చుకే సర్దుబాటవుతుంది, ఆ సంగతి అందరికీ తెలుసు కూడా. మీది లాటరీలో సొంతంగా వచ్చిన ఎంట్రీ. దానికీ ఆ సంస్థకూ సంబంధం లేదు. మీ ఊరి షోరూమాయనో, ఆఫీసు మిత్రుడో మీ ప్రయాణానికే సాయం చేస్తానంటే తీసుకోండి, కానీ అది వేరే లెక్క. ఫలానా వారు నా టికెట్‌కు ఇంత ఇచ్చారని రాసి పెట్టండి. చందా జాబితాలో మొట్టమొదటి పేరు మీదే ఉండాలి, అంకెతో సహా. మీరు పదివేలు వేసి పక్కవాణ్ని వెయ్యి అడిగితే ఆ లెక్క వేరుగా ఉంటుంది.

డబ్బు మీ ఫోన్‌పేలోకి రానివ్వకండి. "నాకు పంపు, నేను కలిపి కడతాను" అన్న మాటతోనే సగం గొడవలు మొదలవుతాయి. సంస్థ ఖాతా నంబరు, వాళ్ల క్యూఆర్ కోడ్ నేరుగా ఇవ్వండి. వాళ్లకు 80జి గుర్తింపు (విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చేది) ఉంటే రసీదు వాళ్లే ఇస్తారు. నగదుగా రెండు వేలు దాటి ఇస్తే పన్ను మినహాయింపు రాదు, ఆ సంగతి పెద్దవాళ్లకు ముందే చెప్పండి. ఇంకో పని: సంస్థ వాళ్లతో కూర్చుని, పది లక్షలతో ఏం చేస్తారో కాగితం మీద రాయించుకోండి. రక్తం ఎక్కించేటప్పుడు వాడే ఫిల్టర్లా, ఒంట్లో పేరుకున్న ఐరన్‌ను తగ్గించే మాత్రలా, కొత్త పడకలా? "పిల్లల సంక్షేమం కోసం" అంటే జనం ఐదొందలు వేసి ఊరుకుంటారు. "ఒక బాబుకి నెల మాత్రలకు ఇంత" అంటే నెలలు లెక్కపెట్టుకుని ఇస్తారు.

అమెరికాలో మీకు చుట్టాలున్నారో లేదో రాయలేదు గానీ, తెలుగిళ్లల్లో లేకుండా ఉండరు. వాళ్ల దగ్గర తీసుకునేటప్పుడు జాగ్రత్త. న్యూజెర్సీలో ఉన్నా, గ్రీన్ కార్డున్నా, ఇంకా భారత పాస్‌పోర్టే ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డున్నా సరే, చట్టం దృష్టిలో విదేశీ దాతలే. వాళ్ల డబ్బు తీసుకోవాలంటే సంస్థకు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే రావాలి. మధ్యలో మీ ఖాతాలో వేయించుకుని అటు బదిలీ చేయడం అస్సలు వద్దు. మీ డల్లాస్ బాబాయి ప్రేమగా పంపిన వెయ్యి డాలర్లు ఆ సంస్థ మెడకు చుట్టుకుంటాయి. వాళ్లకు రిజిస్ట్రేషన్ లేకపోతే బాబాయికి దండం పెట్టి, ఆశీర్వాదం చాలని చెప్పండి.

మీ మేనల్లుడి సంగతి. వాడి ఫొటో, పేరు, బడి, ఏదీ పోస్టర్ మీద వేయకండి. మీ అక్క ఇప్పుడు సరేనన్నా సరే. వాడు రేపు ఇంటర్‌లో చేరతాడు, ఉద్యోగానికి వెళ్తాడు, పెళ్లి మాటలొస్తాయి. మావయ్య పెట్టిన పోస్టు మాత్రం అలాగే తిరుగుతుంటుంది. "మా ఇంట్లో ఒక పిల్లాడికి ఉంది" అంటే సరిపోతుంది. దాని బదులు జబ్బు గురించి నాలుగు ముక్కలు చెప్పండి, చాలామందికి తెలియదు. ఈ పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లయితే (జబ్బు లేకపోయినా దాని జన్యువు ఉన్నవాళ్లు) ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. క్యారియర్లకు పైకి ఏమీ తెలియదు, హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేయించుకుంటేనే బయటపడుతుంది. మీ ఆఫీసులో పెళ్లి కావలసిన కుర్రాళ్లు, అమ్మాయిలు ఎందరుంటారు? చందా ఇవ్వలేని వాళ్లను ఆ పరీక్ష చేయించుకోమనండి.

రక్తం కూడా అడగండి. వేసవిలో కాలేజీలకు సెలవులు, ఎండలు, శిబిరాలు తగ్గిపోతాయి. బ్లడ్ బ్యాంకులు కటకటలాడేది ఏప్రిల్, మే నెలల్లోనే, సరిగ్గా మీ ప్రచారం ఊపందుకునే రోజులవి. ఆఫీసులో ఒక శిబిరం పెట్టించారంటే లక్ష రూపాయల చందాకు తీసిపోదు. మీరు మాత్రం ఇవ్వాలనుకుంటే ఈ చలికాలంలోనే ఇచ్చేయండి. రేసుకు ముందు నెలల్లో ఇస్తే హిమోగ్లోబిన్ తగ్గి సాధన దెబ్బతింటుంది. ఉత్సాహంలో శిబిరం రోజున కెమెరా ముందు చేయి చాపకండి.

ఇక పూర్తి చేయలేకపోతే మొహం ఎలా చూపించాలన్నారు. 1980లో కెనడాలో టెర్రీ ఫాక్స్ అనే కుర్రాడు, క్యాన్సర్‌కు ఒక కాలు పోగొట్టుకుని, కృత్రిమ కాలితో దేశం ఈ చివర నుంచి ఆ చివరికి పరుగెత్తాలని బయల్దేరాడు. క్యాన్సర్ పరిశోధనకు డబ్బు కోసం. దాదాపు రోజుకో మారథాన్ దూరం లెక్కన 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాక, థండర్ బే దగ్గర ఆగిపోవాల్సి వచ్చింది, జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. అంటే ఆయన పరుగు పూర్తి కాలేదు. 1981 ఫిబ్రవరికల్లా ఆయన నిధికి 2.4 కోట్ల డాలర్లు దాటి వచ్చాయి, అప్పటి కెనడా జనాభా లెక్కన తలకో డాలరు. ఆ జూన్‌లో ఆయన పోయాడు, 22 ఏళ్లకే. ఆయనతో మనల్ని పోల్చుకోమని కాదు. జనం డబ్బిచ్చింది ఆయన అవతలి సముద్రం చేరతాడని కాదు, ఎందుకు పరుగెత్తుతున్నాడో తెలిసి. ఇంకో సంగతి, తన పరుగుతో ఏ కంపెనీ వ్యాపారం చేసుకోవడానికీ ఆయన ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఆయన పేరు మీద జరిగే పరుగుల్లో కంపెనీల ప్రకటనలు కనబడవు.

కాబట్టి చందాను ఫినిష్ లైన్‌కు ముడిపెట్టకండి. కిలోమీటరుకు ఇంత, పూర్తి చేస్తే ఇంత అనే పందేలు సరదాగా కనబడతాయి, మీ స్నేహితులు తప్పకుండా ప్రతిపాదిస్తారు. ఒప్పుకోవద్దు. నా లెక్కలో ఈ ఉత్తరం మొత్తంలో ముఖ్యమైన మాట ఇదే. కొండ మీద చలికి ఒళ్లు వణికిపోతూ, మాట తడబడుతున్నప్పుడు, "ఆగితే రెండు లక్షలు పోతాయి" అనే ఆలోచన మనిషిని చంపేయగలదు. వసూలంతా విమానం ఎక్కేలోపు ముగించండి. జూలై మూడో వారానికి ఖాతాలో ఎంత పడిందో సంస్థ చేత రాయించి అందరికీ పంపేయండి. అక్కడితో ఆ లెక్క సరి. తర్వాత నీళ్లలో దూకేది మీరూ మీ శరీరమూ మాత్రమే.

ఆ దూకడం గురించి తెలిసే ఉంటుంది, అయినా మీ ఆవిడ కూడా చదువుతుంది కాబట్టి చెబుతాను. 2003లో మొదలైన ఈ రేసులో పొద్దున ఐదింటికి హార్డాంగర్ ఫియోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) మధ్యలో నిలబడ్డ ఫెర్రీ నుంచి, దాదాపు ఒక అంతస్తు ఎత్తు నుంచి, నీళ్లలోకి దూకాలి. 3.8 కిలోమీటర్లు ఈది ఐడ్‌ఫియోర్డ్ ఊరి ఒడ్డు చేరాలి. అక్కడి నుంచి 180 కిలోమీటర్ల సైకిల్: సముద్రమట్టం నుంచి మొదలై 1,200 మీటర్లు దాటి హార్డాంగర్‌విడ్డా పీఠభూమి మీదికి ఎక్కుడు, ఆ తర్వాత ఇంకొన్ని కొండలు. చివర మారథాన్. మొదటి 25 కిలోమీటర్లు సరస్సు పక్కన చదునుగానే ఉంటుంది. తర్వాత జోంబీ హిల్ అని పిలిచే మలుపుల రోడ్డు, ఏడెనిమిది కిలోమీటర్లు ఎడతెగని ఎక్కుడు. పేరుకు తగ్గట్టే అక్కడ ఎవరూ పరుగెత్తరు, కాళ్లీడ్చుకుంటూ నడుస్తారు. ముందున్న 160 మందినే గౌస్టాటొప్పెన్ కొండ పైకి, 1,850 మీటర్ల ఎత్తుకు, రాళ్ల దారిలో వెళ్లనిస్తారు. వాళ్లకు నల్ల టీషర్టు. మిగిలినవాళ్లు కిందనే మారథాన్ దూరం పూర్తిచేస్తారు, తెల్ల టీషర్టు. దారి పొడవునా అరటిపండ్లూ నీళ్లూ అందించే టేబుళ్లు ఉండవు. మీ తిండి, మీ బట్టలు, మీ పంక్చర్ అన్నీ మీ కారులో మీ మనిషే చూసుకోవాలి.

పనికొస్తారా? గోవాలో మీరు ఈదింది 1.9 కిలోమీటర్లు, అదీ గోరువెచ్చని సముద్రంలో. ఇది దానికి రెట్టింపు దూరం, నీళ్లు 13 నుంచి 15 డిగ్రీల దగ్గర. గోవా మెరకలు దీని ముందు లెక్కలోకి రావు. ఇప్పటికిప్పుడు పనికిరారు, ఎనిమిది నెలలున్నాయి కాబట్టి తెల్ల టీషర్టుకు పనికొస్తారు అని నా అంచనా. నల్లదాని మీద మనసు పెట్టుకోకండి. ముందు గుండె పరీక్షలు చేయించుకోండి, ఈసీజీతో సరిపెట్టకుండా డాక్టర్‌కు రేసు వివరాలు చెప్పి ఆయన చెప్పినవన్నీ.

చలి నీళ్లలో అసలు గండం మొదటి ఒకటి రెండు నిమిషాలు. ఒంటికి చల్లదనం తగలగానే మన ప్రమేయం లేకుండా ఎగశ్వాస వస్తుంది, ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే మింగేస్తాం. ఊపిరి కుదురుకునేదాకా వెల్లకిలా తేలి ఉండడం నేర్చుకోవాలి. హైదరాబాద్‌లో అంత చల్లని నీళ్లు ఎక్కడివంటే, ఐస్ ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు తెప్పించి పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో వేసుకునేవాళ్లున్నారు. థర్మామీటర్ పెట్టుకుని, పక్కన మనిషిని నిలబెట్టుకుని, రెండు నిమిషాలతో మొదలుపెట్టండి. ఒంటరిగా చేయొద్దు. వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు ఈత దుస్తులు) ఇప్పుడే కొని అందులోనే వారానికోసారి ఈదండి. కొత్త సూట్‌లో భుజాలు పట్టేసి, మెడ ఒరుసుకుపోయి, కంగారుతో సగం బలం పోతుంది. లోతు నీళ్ల అలవాటుకు విశాఖ వైపు ఈతగాళ్ల బృందాలతో కలిసి సముద్రంలోకి వెళ్లండి.

సైకిల్‌కు మార్గం సులువే. జనవరిలో ఒక 200 కిలోమీటర్ల బీఆర్ఎం (పోటీ కాకుండా, గడువులోపు పూర్తి చేసే దూరపు సైకిల్ సవారీ), మార్చిలోపు ఒక 300. సమయం హడావిడి పెట్టుకోకుండా గంటకింత తినడం, తాగడం సాధన చేయడానికి అంతకంటే మంచిది లేదు. ఎక్కుడుకు వికారాబాద్ అనంతగిరి చాలదు. సెలవు పెట్టి శృంగవరపుకోట నుంచి అరకు ఘాట్ ఎక్కండి, ఒకే రోజు రెండుసార్లు. చలిలో ఘాట్ దిగడం ఎలా ఉంటుందో తెలియాలంటే డిసెంబరు తెల్లవారుజామున లంబసింగి వెళ్లిరండి, వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు నొక్కలేని స్థితి అక్కడే తెలిస్తే మంచిది. ఇక చివరి రాళ్ల దారికి మన దగ్గర అలిపిరి మెట్లున్నాయి, 3,550. వీపున సంచితో, భక్తులకు అడ్డం రాకుండా, గోవిందనామాలతోనే ఎక్కండి. పైన దర్శనం కూడా అవుతుంది.

ఆ మెట్లు మీ ఆవిడా ఎక్కాలి. నవ్వులాటకు కాదు. కొండ పైదాకా వెళ్లే అవకాశం వస్తే సపోర్టు మనిషి కూడా తోడుగా నడవాలి, ఇద్దరి వీపునా వెచ్చని బట్టలూ తిండీ లైటూ ఉన్న సంచులుండాలి. (దిగేటప్పుడు కొండ లోపల తవ్విన రైలుంది, కాస్త ఊరట.) అప్పటికి ఆవిడ పరిస్థితి ఏమిటి? రాత్రి రెండింటికి లేచి, మిమ్మల్ని ఫెర్రీ ఎక్కించి, తడి బట్టలు సర్ది, కుడివైపు నడిపే రోడ్ల మీద స్టీరింగ్ ఎడమవైపున్న కారును కొండల్లో నూట ఎనభై కిలోమీటర్లు తోలి ఉంటుంది. ఒక్క మనిషి పని కాదది. మీ బావమరిదిని తీసుకెళ్లండి. టికెట్ ఆయన డబ్బుతో ఆయనే కొనుక్కుంటే మరీ మంచిది, ఆరు లక్షల లెక్క ఎలా పుడుతుందో ఆయనకూ తెలిసొస్తుంది! ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇద్దరికీ తీయించండి. షెంగెన్ వీసాకు ఆర్నెల్ల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు, ఏప్రిల్‌లోనే పెట్టేయండి. వీసా కోసం తీసుకునే మామూలు ట్రావెల్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి పోటీలు, సాహస క్రీడలు వర్తించవు. పాలసీలో ఆ పేజీ చదివాకే డబ్బు కట్టండి.

తిండి విషయంలో ఎనర్జీ జెల్స్ మీదే ఆధారపడకండి. పద్నాలుగు పదిహేను గంటలు తియ్యటి జెల్ మింగితే ఎవరికైనా వెగటు పుడుతుంది. ఐడ్‌ఫియోర్డ్‌లో వంటగది ఉన్న గది తీసుకుని, ముందు రోజు రాత్రి చింతపండు పులిహోర కలిపి, చిన్న ఉండలు చేసి రేకు కాగితంలో చుట్టండి. పల్లీలు వేయొద్దు, రొప్పుతూ తినేటప్పుడు గొంతుకు అడ్డం పడతాయి. పీఠభూమి మీద ఆగినప్పుడు ఫ్లాస్కులోంచి వేడివేడి మిరియాల చారు ఒక గ్లాసు తాగితే ఉప్పూ నీళ్లూ వెచ్చదనమూ ఒకేసారి అందుతాయి. ఇవన్నీ ముందు బీఆర్ఎంలో తిని చూసుకోండి, కడుపు ఒప్పుకుంటేనే అక్కడికి.

చివరగా ఒక తొందర పని. మీది పెద్ద కంపెనీ అయితే, ఉద్యోగి ఇచ్చిన విరాళానికి సమానంగా కంపెనీ కూడా ఇచ్చే ఏర్పాటు ఉందేమో హెచ్ఆర్‌లో కనుక్కోండి. ఉంటే సంస్థ రిజిస్ట్రేషన్ కాగితాలు, పాన్, 80జి పత్రం అడుగుతారు, ఆమోదానికి వారాలు పడుతుంది. చాలా కంపెనీల్లో ఆ బడ్జెట్ మార్చి 31తో ముగుస్తుంది. రేసు ఆగస్టులోనే కదా అని కూర్చుంటే ఈ ఏడాది వాటా పోవచ్చు. సంక్రాంతి సెలవుల నుంచి రాగానే ఆ మెయిల్ పెట్టేయండి.